ఆది జాకెట్టు

హిందూపురం,
నవంబరు 17.

సుహానాకు,

నేను క్షేమం. నువ్వు, జాకీరన్న, మీ అత్త బీబీజాన్ అందరూ క్షేమమని తలుస్తాను.

నువ్వు కుట్టి పంపిన రెండు నూలు జాకెట్లు అందాయి. సరిగ్గా సరిపోయాయి. చంకల దగ్గర కూడా ఎక్కడా బిగుతు లేదు. మొన్న శుక్రవారం నీలం జాకెట్టు వేసుకుని, చీర కట్టుకుని ల్యాబుకు వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయి ఎవరు కుట్టారని అడిగింది. పెనుకొండలో నా హాస్టల్ స్నేహితురాలని చెప్పాను.

ల్యాబులో పని అలవాటయింది. పొద్దున తలుపు తీసేసరికే పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఆకలి మీద ఉన్నవాళ్ళు పెద్దగా మాట్లాడరు. రక్తం తీస్తాను, గొట్టాల మీద పేర్లు అతికిస్తాను, సాయంత్రం గదికి వస్తాను. రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు.

బాబయ్య దర్గాలో గంధం పండక్కి రమ్మన్నావు. సెలవు దొరకదు. నువ్వు కూడా ఇటు రావద్దు. గది చాలా ఇరుకు.

ఒక కబురు మాత్రం ఉంది. నాయన నాకు పట్టుచీర నేస్తున్నాడు. ఇన్నేళ్ళూ షావుకారు ఇచ్చిన పట్టుతో షావుకారుకే నేశాడు. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ మా మగ్గం మీది చీర కట్టలేదు. ఇప్పుడు సొంతంగా పట్టు తెచ్చి నా కోసం ఒకటి మొదలుపెట్టాడు. మే నెలలో మా చిన్నాన్న కొడుకు సాయినాథ్ పెళ్ళి కొత్తచెరువులో. ఆ పెళ్ళికి కట్టుకోవాలట. జాకెట్టు నువ్వే కుట్టాలి.

ఇట్లు,
ప్రమోద


పెనుకొండ,
డిసెంబరు 1.

ఏమే ప్రమోదా,

క్షేమమని మొదలుపెట్టావేమిటే? నేనేమైనా వార్డెన్‌నా?

ఆదివారం మధ్యాహ్నాలు మరిచిపోయావా? హాస్టల్లో అందరూ ఇళ్ళకు ఉత్తరాలు రాయాలని వార్డెన్ మేడమ్ బెంచీల మధ్య తిరిగేది. "మొదట క్షేమ సమాచారం రాయండి" అని గద్దించేది. మన ఇళ్ళలో చదివేవాళ్ళే లేరు. మీ నాయనకు అక్షరం రాదు, మా అమ్మకూ వచ్చేది కాదు. అందుకని మనిద్దరం ఎదురెదురుగా కూర్చుని నువ్వు నాకు, నేను నీకు రాసుకున్నాం. మన ఉత్తరాల్లో మాత్రం ఆ ముక్క ఉండకూడదని ఒట్టు పెట్టింది నువ్వే. "క్షేమంగా లేని రోజు ఏం రాస్తామే?" అన్నావు. అప్పుడు మనం ఏడో తరగతి.

ఇప్పుడు చేతుల్లో ఫోన్లున్నాయి. ఫోన్ చేస్తే "బాగున్నా, నువ్వు?" అంటావు, పెట్టేస్తావు. కాగితం మీదైనా నాలుగు మాటలు ఎక్కువ రాస్తావని నా ఆశ.

గది ఇరుకంటావు. ఒకే చాప మీద నలుగురం పడుకున్న మనకా ఇరుకు?

ఇక్కడ గంధం దగ్గర పడింది. కుట్టుపని గుట్టగా ఉంది. మా అత్త ఊరికే ఉండదు కదా. "నా కొడుకును ఎందుకు చేసుకున్నావు? ఆ మిషన్‌నే నిఖా చేసుకోవాల్సింది" అంటాంది. "మిషన్ అయితే అన్నం అడగదు అత్తా" అన్నా. జాకీర్ ఆటో తుడుచుకుంటూ వాకిట్లోంచే, "నేనేమన్నా నాలుగు పూటలు అడుగుతాండానా?" అని అరిచినాడు.

చీర రంగేమిటో రాయి. మీ నాయన నీకు నేసే చీరకు జాకెట్టంటే ఇప్పుడే కత్తెరకు సాన పట్టిస్తా.

నీ
సుహానా


ధర్మవరం,
జనవరి 26.

సుహానా,

రెండు రోజుల సెలవు దొరికితే ఇంటికి వచ్చాను. రైల్లో పెనుకొండ వచ్చేసరికి నిద్రపట్టేసింది. లేచి చూస్తే ఊరు దాటిపోయింది. లేకపోతే దిగేదాన్నే.

చీర చెనిక్కాయ పువ్వులాంటి పసుపు రంగు. అంచు మెరూన్. ఒళ్ళంతా నేయడం అయిపోయింది, చివర జాకెట్టు గుడ్డ ఇంకా మగ్గం మీదే ఉంది. నిన్న కాసేపు మగ్గం గుంతలో దిగి కూర్చుందామనుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. "చదువుకున్న పిల్లవి, నీకెందుకమ్మా ఇది?" అంది. నాకోసం పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఇంట్లో అందరూ నేల మీద, నేనొక్కదాన్నే కుర్చీలో. కండెలకు దారం చుట్టిస్తానన్నా వద్దన్నారు. చుట్టాలను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, అందరూ వాళ్ళ పని చేసుకుంటున్నారు.

నేను తింటుంటే ఎదురింటి తిప్పమ్మవ్వ వచ్చి నా చెంపలు నిమిరింది. "ఉద్యోగం నీ మొగంలోనే కనపడతాండాదే" అంది. అమ్మ మురిసిపోయి నాకు ఇంకో ముద్ద వేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాయన మాత్రం నావైపు కాసేపు చూశాడు. "ఎన్నాళ్ళుంటావు పాపా?" అన్నాడు. రేపే పోతానన్నాను. మళ్ళీ గుంతలోకి దిగిపోయాడు.

గుడ్డ నేయడం అయ్యాక సాయినాథ్ తెచ్చి నీకిస్తాడు. ఆది జాకెట్టు ఈ పార్శిల్‌లో పంపుతున్నాను. నీ దగ్గర ముందు నుంచీ ఉన్న కొలతే, ఏమీ మారలేదు. దాని ప్రకారమే కుట్టు.

ప్రమోద


పెనుకొండ,
ఫిబ్రవరి 16.

ప్రమోదా,

సాయినాథ్ వచ్చి గుడ్డ ఇచ్చి పోయాడు. పెళ్ళికొడుకు కళ అప్పుడే వచ్చేసింది అబ్బాయికి. టీ ఇస్తే, "వద్దక్కా, అన్నీ మానేసినా, ఫోటోల్లో లావు కనపడతాను" అన్నాడు.

పొట్లం ఇంకా పూర్తిగా విప్పలేదు. ఆది మాత్రం ముందు పెట్టుకుని కూర్చున్నా. ఇది మనం డిగ్రీ చదివేటప్పుడు నేను కుట్టిందే కదా. ఒక్కసారి తొడిగి చూసి పంపావా? ఎందుకు అడుగుతున్నానంటే, నూలు గుడ్డ అయితే తప్పు పోయినా ఇంకో ముక్క కొనుక్కోవచ్చు. ఇది మీ నాయన మగ్గం దిగిన గుడ్డ. ఇలాంటిది ఇంకో జానెడు కూడా ఎక్కడా దొరకదు. కత్తెర పడితే పడినట్టే.

ఒక పని చేస్తా. నువ్వు సరేనంటే ఒక ఆదివారం పొద్దున రైలుకు వస్తా, కొలత తీసుకుని మధ్యాహ్నం రైలుకు పోతా. అన్నం పెట్టొద్దు, టీ కూడా వద్దు. నీ ఇరుకు గదిలో గోడకు ఆనుకుని నిలబడతా.

సుహానా


హిందూపురం,
ఫిబ్రవరి 22.

సుహానా,

రావద్దని ఒకసారి చెప్పాను.

ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆది చూసే కదా కుడతావు? నాకొక్కదానికే టేపు ఎందుకు? ఆది పంపాను, కుట్టడం నీ పని. చేతకాకపోతే గుడ్డ తిప్పి పంపు. హిందూపురంలో వీధికి నలుగురు దర్జీలున్నారు.

ప్రమోద


పెనుకొండ,
మార్చి 12.

ప్రమోదా,

నీ ఉత్తరం వచ్చిన రోజు చాలా కోపం వచ్చింది. పొట్లం మళ్ళీ కట్టి, పైన నీ అడ్రసు కూడా రాశాను. పోస్టాఫీసు దాకా పోయి తిరిగి వచ్చేశాను.

నేను నెలన్నరగా ఒక మాట దాచిపెట్టాను. ఇప్పుడు రాస్తాను.

జనవరిలో నువ్వు ధర్మవరం పోయిన రోజు జాకీర్ ఇక్కడి స్టేషన్‌లో ఉన్నాడు. ఎవరిదో సామాను దించడానికి ప్లాట్‌ఫారం మీదికి పోయాడు. ఇంటికొచ్చి ఏమన్నాడో, అన్నట్టే రాస్తున్నా.

"ఏమే, మీ ప్రమోద మాదిరే ఉండాది ఒకాయమ్మ, రైలు కిటికీ కాడ. చెయ్యి ఊపినా. ఆయమ్మ కాదులే, శానా లావుండాది."

"మరి నిన్ను చూసిందా?"

"చూసింది. చూసి షట్టర్ దించేసింది."

"అయితే ప్రమోదే" అన్నా.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నువ్వు లావయ్యావని కాదు. మా ఊరు వస్తుందని తెలిసి, మెలకువగా ఉండి, షట్టర్ దించుకున్నావే, అందుకు.

ఆ నూలు జాకెట్లు కూడా సరిపోలేదు కదా?

మా అమ్మ పోయినప్పుడు నేనెట్లా ఉన్నానో నీకు తెలుసు. నోట్లో ముద్ద పెట్టుకుంటే మట్టిలా ఉండేది. గాజులు మోచేతి దాకా జారేవి. అప్పుడు వీధి వీధంతా గిన్నెలతో వచ్చింది. మా అత్త దర్గాకు తీసుకుపోయింది, తాయెత్తు కట్టించింది, చివరికి అనంతపురం డాక్టరు దగ్గరికీ తీసుకుపోయింది. నువ్వు సెలవు పెట్టి వచ్చి నాకు చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టావు. నేను ఉమ్మేస్తే తుడిచావు. ఏమైందే అని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు రంజాన్ రోజాల్లో ఉన్నాను. సాయంత్రం అయ్యేసరికి ఆకలి కడుపులోంచి పిలుస్తుంది. నాకది బాగుంటుంది ప్రమోదా. ఆ రోజుల్లో నాకు ఆకలే తెలిసేది కాదు కదా, ఇప్పుడు పిలిస్తే పోయిన మనిషి తిరిగొచ్చినట్టు ఉంటుంది.

నేనూ నిన్ను ఏమైందని అడగను. గుడ్డ నా దగ్గరే ఉంటుంది. ఈ ఆది చూసి మాత్రం కత్తెర పెట్టను.

సుహానా


హిందూపురం,
ఏప్రిల్ 6.

సుహానా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఈసారి చించకుండా పోస్టు చేస్తాను.

నీ నూలు జాకెట్లు రెండూ మంచం కింద పెట్టెలో ఉన్నాయి. చేతులు మోచెయ్యి కూడా దాటలేదు. రిసెప్షన్ అమ్మాయి ఏమీ అడగలేదు. నేను అసలు చీర కట్టుకుని పోనేలేదు. వదులు కుర్తాల్లో తిరుగుతున్నాను.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఎవరూ పోలేదు, ఎవరూ నన్ను మోసం చేయలేదు. చదివాను, ఉద్యోగం వచ్చింది, ఇంట్లో అందరూ గర్వపడ్డారు. గదికి వచ్చి తలుపేసుకుంటే గోడలు తప్ప ఏమీ లేవు. కింద ఇంటి ఓనరమ్మ మెట్ల దగ్గర ఎదురైతే "ఊట ఆయ్తా?" అని కన్నడలో అడుగుతుంది, తిన్నావా అని. "ఆయ్తు" అంటాను. చాలా రోజులు, ల్యాబు బయట ఒక మనిషి నాతో మాట్లాడిన మాట అదొక్కటే. ఆమె తిన్నావా అన్నాక ఇంకేదైనా అడుగుతుందేమోనని కాసేపు నిలబడతాను. ఆమె లోపలికి పోతుంది.

సందు చివర బేకరీ ఉంది. మొదట్లో సాయంత్రం ఒక బన్ను తెచ్చుకునేదాన్ని. తర్వాత కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్ మొత్తం. తర్వాత బ్రెడ్డు ప్యాకెట్టు విప్పి, నిలబడే, ఏమీ పూయకుండా చివరి ముక్క దాకా తినేదాన్ని. రుచి తెలిసేది కాదు. తింటున్నంతసేపు మాత్రం లోపల ఏదో కాస్త సద్దుమణిగేది. అయిపోగానే మళ్ళీ మొదలు. పొద్దున లేస్తే మంచానికి కట్టేసినట్టు ఉండేది. ఆదివారాలు పడుకునే ఉండేదాన్ని.

ల్యాబులో నా రక్తం నేనే తీసుకుని థైరాయిడ్ పరీక్ష చేసుకున్నాను. రావాలి, రావాలి అని మొక్కుకున్నాను. థైరాయిడ్ అయితే ఒక పేరుంటుంది, ఒక మాత్ర ఉంటుంది, ఇంట్లో చెప్పుకోవచ్చు. నార్మల్ వచ్చింది. ఎవరైనా నార్మల్ వచ్చిందని ఏడుస్తారా? స్టోరు గదిలోకి పోయి ఏడ్చాను.

నీ ఉత్తరం వచ్చాక ఆ కాగితం పట్టుకుని ఇక్కడ డాక్టర్ హేమావతి గారి దగ్గరికి పోయాను. ఆమె రిపోర్టు పక్కన పెట్టింది. "ఎవరితోనైనా కలిసి కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయిందమ్మా?" అంది. నాకు గుర్తు రాలేదు.

దిగులు కూడా జబ్బేనట. కొందరికి ఆకలిని చంపేస్తుంది, కొందరికి ఉన్నదానికంటే పెంచుతుంది. రెండూ అదే జబ్బు. ఆకలి వేసిందని చెప్పే హార్మోన్ పొట్టలో పుడుతుంది, గ్రెలిన్ అంటారు. ఇక చాలని చెప్పేది లెప్టిన్, అది ఒంట్లోని కొవ్వులోంచే వస్తుంది. మనిషి లావయ్యేకొద్దీ లెప్టిన్ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. కానీ చాలు చాలని అది ఎంత చెప్పినా మెదడు పట్టించుకోదు. మా ఇంట్లో మగ్గం ఆడేటప్పుడు వాకిట్లోంచి ఎంత పిలిచినా లోపలివాళ్ళకు వినపడదు చూడు, అట్లా అనుకున్నాను. దిగులు చాలాకాలం ఉంటే కార్టిసాల్ అని ఇంకో హార్మోన్ పెరగొచ్చట, అది తీపి మీదికి, పిండి మీదికి మనసు లాగుతుందట. అందరిలో ఒకేలా ఉండదు, ఏది ముందు ఏది వెనకో ఇంకా పూర్తిగా తేలలేదు అని కూడా చెప్పింది. ఈ పేర్లన్నీ నేను పరీక్షకు చదివి మార్కులు తెచ్చుకున్నవే. నా గురించి చదువుతున్నానని అనుకోలేదు.

"కడుపు మాడ్చుకోవద్దు. బరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు నిద్ర, మనసు" అంది. మాత్రలు ఇచ్చింది. వారానికోసారి వచ్చి మాట్లాడమంది. రెండుసార్లు పోయాను. మూడోసారికి పోలేదు. మళ్ళీ పోవాలి.

సుహానా, నువ్వు చిక్కిపోతే వీధంతా గిన్నెలతో వచ్చింది. నేను లావైతే అందరూ సంతోషపడ్డారు. తప్పు వాళ్ళది కాదు. మా నాయన చిన్నప్పుడు గంజి కోసం వరసలో నిలబడినవాడు. కూతురు ఒళ్ళు చేయడమంటే ఆయనకు ఒక గెలుపు. ఆ గెలుపే జబ్బని నేనెట్లా చెప్పను? దిగులుగా ఉందంటే అమ్మ "నీకేం తక్కువయిందమ్మా?" అంటుంది. నిజంగానే, ఏం తక్కువయింది?

షట్టర్ దించినందుకు జాకీరన్నకు చెప్పు. ఏమని చెప్పాలో నాకు తెలియదు. పెళ్ళికి రానని ఇంట్లో చెప్పేస్తాను. గుడ్డ నీ దగ్గరే ఉంచు.

ప్రమోద


పెనుకొండ,
ఏప్రిల్ 13.

ప్రమోదా,

ఉత్తరం చదివి చాలాసేపు మిషన్ ముందు ఊరికే కూర్చున్నాను. మా అత్త వచ్చి, "దారం తెగిందా?" అంది. "లేదత్తా" అన్నా. "మరి మనిషి తెగినట్టు కూర్చున్నావే?" అంది. ఆమెకు నీ సంగతంతా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని మాత్రం అన్నాను. "అయితే ఆ పిల్లను ఈడికి రమ్మను. హాస్పిటల్‌లో ముందు మందు ఇస్తారు, మనింట్లో ముందు అన్నం పెడతాం" అంది.

ఏం తక్కువయిందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. నిన్న పొట్లం మొదటిసారి పూర్తిగా విప్పాను. ఇన్నాళ్ళూ పైన అంచు చూసి మూసేసేదాన్ని. బల్ల మీద పరిచి టేపు పెట్టాను. మళ్ళీ పెట్టాను. మీ నాయన మామూలుగా చీర చివర వదిలే జాకెట్టు గుడ్డ ఎంతుంటుందో నాకు తెలుసు. ధర్మవరం చీరలకు ఎన్ని కుట్టలేదు? ఇది దానికి దాదాపు ఒకటిన్నర రెట్లుంది. అంచుతో సహా, నిండుగా.

పొరపాటున నేశాడంటావా? మగ్గం మీద పొరపాటు అంత పొడుగుండదే.

నువ్వు జనవరిలో పోయినప్పుడు ఈ ముక్క ఇంకా మగ్గం మీదే ఉందని నువ్వే రాశావు.

సుహానా


హిందూపురం,
ఏప్రిల్ 20.

సుహానా,

నీ ఉత్తరం చదివి నాయనకు ఫోన్ చేశాను. ఎప్పుడూ అమ్మకు చేస్తాను, నాయన పక్కనుంచి "బాగుందంటనా?" అని అడుగుతాడు. ఈసారి నేరుగా ఆయన్నే ఇమ్మన్నాను. మగ్గం చప్పుడు ఆగింది.

"నాయనా, జాకెట్టు గుడ్డ ఎందుకంత ఎక్కువ నేసినావు?"

"సాలలేదా?" అన్నాడు.

"సరిపోతుంది నాయనా."

"మీ అమ్మ రెండో ముద్ద వేసినప్పుడు నువ్వు తల ఎత్తలేదు పాపా. నేను ఆకలి చూసినోణ్ణి. ఆకలైనోళ్ళు అట్లా తినరు." అన్నాడు. "ఏమని అడగల్లో తెలీలేదు. గుడ్డ మాత్రం తక్కువ కాకూడదని ఇంకొంచెం నేసినా."

నేను ఏడిస్తే ఆయన ఊరుకోమనలేదు. అట్లే ఫోన్ పట్టుకుని ఉన్నాడు. నాకు దిగులుగా ఉంటుందని, డాక్టరు దగ్గరికి పోతున్నానని చెప్పాను. "అట్లనా" అన్నాడు. ఎంత అర్థమైందో తెలియదు. చివర్లో, "ఈసారి వచ్చినప్పుడు కుర్చీ వద్దులే. నా పక్కన కూచో. కండెలు చుట్టిద్దువు" అన్నాడు.

గది ఇట్లానే ఉంది. నిన్న కూడా బేకరీకి పోయాను. బరువేమీ తగ్గలేదు. డాక్టరమ్మ దగ్గరికి మాత్రం మళ్ళీ పోయాను. ఓనరమ్మ "ఊట ఆయ్తా?" అంటే "ఇన్నూ ఇల్ల" అన్నాను, ఇంకా లేదని. ఆమె ఆగి నా ముఖం చూసింది. గిన్నెలో కొంచెం చిత్రాన్నం తెచ్చిచ్చింది. మెట్ల మీద కూర్చుని తిన్నాను. ఆమె పక్కన నిలబడింది.

పెళ్ళికి పోతాను. వచ్చే ఆదివారం పొద్దున పెనుకొండకు రైలెక్కుతాను. జాకీరన్నను ప్లాట్‌ఫారం మీద ఉండమను. షట్టర్ తీసే ఉంటుంది. నన్ను చూసి ప్రమోద కాదనుకుని వెళ్ళిపోతాడేమో, చెయ్యి నేనే ఊపుతానని చెప్పు. మీ అత్తకు చెప్పు, అన్నం మీతోనే తింటాను.

టేపు తీసి పెట్టుకో. ఆది జాకెట్టు తేవడం లేదు. నేనే వస్తున్నాను.

నీ
ప్రమోద